ఊరు తిరిగి చూశాకే ప్లాను గీయమన్న గెడ్డెస్

చందానగర్: పట్నం పెరిగేకొద్దీ చుట్టుపక్కల పల్లెలకు రెండు భయాలు. రోడ్డు వెడల్పుకు ఇల్లు పోతుందేమోనని ఒకటి, ప్లాట్ల కింద చెరువు పోతుందేమోనని ఇంకొకటి. బొంబాయి రోడ్డు మీది చందానగర్ ఒకప్పుడు హైదరాబాదుకు దూరపు ఊరు. 2007లో శేరిలింగంపల్లితో పాటు మహానగరంలో కలిసింది. ఇళ్లు కూల్చకుండా, చెరువులు పూడ్చకుండానే ఊరిని బాగుచేయవచ్చునని నూరేళ్ల క్రితమే ఈ దేశంలో తిరిగి చెప్పిన పెద్దమనిషి పాట్రిక్ గెడ్డెస్. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ వద్ద స్థలం ఎంపిక చేసింది కూడా ఆయనే.

గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండులో ఒక సైనికోద్యోగి ఇంట జన్మించారు. లండన్‌లో హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం నేర్చుకున్నారు గాని డిగ్రీ పట్టా పుచ్చుకోలేదు. 1879లో మెక్సికోలో ఉండగా కొంతకాలం చూపు పోయింది. నయమైనా, గంటల తరబడి సూక్ష్మదర్శినిలో చూసే పని ఇక సాగలేదు. దానితో ఆయన దృష్టి మనుషులు బతికే ఊళ్లపైకి మళ్లింది. 1886లో పెళ్లి చేసుకుని, భార్య అన్నాతో ఎడింబరో నగరంలోని మురికివాడలోనే కాపురం పెట్టారు. ఇరుగుపొరుగును కలుపుకొని వాడను శుభ్రపరిచారు, ఖాళీ జాగాల్లో మొక్కలు నాటించారు.

1914లో మద్రాసు గవర్నరు పిలుపుపై ఇండియాకు వచ్చారు. ఆయన పట్టణాల పటాలతో వస్తున్న ఓడను జర్మనీ యుద్ధనౌక ఎండెన్ ముంచివేసింది. మిత్రులు మళ్లీ పటాలు పోగుచేసి పంపగా 1915లో మద్రాసులో ప్రదర్శన జరిపారు.

ఆ రోజుల్లో ఇంజనీర్లు పాత పేటల నడుమ తిన్నని రోడ్లు గీసి, అడ్డొచ్చిన ఇళ్లు కూల్చాలనేవారు. గెడ్డెస్ తంజావూరు, మధుర వంటి ఊళ్లలో సందు సందూ కాలినడకన తిరిగారు. పాడుపడిన గోడ ఒకటి తీసి, ఖాళీ జాగాలు కలిపితే గాలి, వెలుతురు వస్తాయని, ఖర్చూ తగ్గుతుందని చూపించారు. దోమలున్నాయని చెరువులు పూడ్చవద్దని, చేపలు వదిలితే దోమ పిల్లలను అవే తింటాయని సలహా ఇచ్చారు.

ఇండోరులో ప్లేగు భయం ఉన్నప్పుడు దీపావళి ఊరేగింపు జరిపించారు. ఏ వీధివారు ఇళ్లు బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధిగుండానే ఊరేగింపు వస్తుందని చాటించారు. జనం పోటీపడి చెత్త ఎత్తిపోశారు. పెద్ద ఎలుక బొమ్మను ఊరేగించి తగలబెట్టారు. ఆ ఊరేగింపులో పాకీవారికి గౌరవస్థానం దక్కింది.

1917 ఆయనకు దుర్దినాల సంవత్సరం. పెద్దకొడుకు యుద్ధంలో చనిపోయాడు. అదే ఏడు భార్య ఇండియాలోనే జ్వరంతో కన్నుమూసింది. అయినా పని మానలేదు.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర, పౌరశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులయ్యారు. ఊళ్ల పుట్టుక, పెరుగుదల అక్కడ కాలేజీ చదువులో భాగమయ్యాయి. గడ్డంలో గొణిగినట్టుండే ఆయన పాఠం చాలామందికి వినపడేది కాదు. ఆయన ప్రోత్సాహంతో విదేశాలకు వెళ్లి చదివిన ఘుర్యే, 1924లో ఆయన తరువాత ఆ శాఖ బాధ్యత చేపట్టారు.

1918లో ఏర్పడిన ఉస్మానియాకు మొదట సొంత భవనాలు లేవు. గెడ్డెస్ ఎంచిన చోట ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. దానిని ఆయన చూడలేదు. 1932లో సర్ బిరుదు పొంది, ఆ ఏడే ఏప్రిల్ 17న ఫ్రాన్సులో మరణించారు. పట్టణాల పాలన, పర్యావరణంపై అధ్యయనానికి, మునిసిపల్ ఉద్యోగుల శిక్షణకు 1970లో ఒక కేంద్రం వెలసింది కూడా ఆ ఉస్మానియాలోనే.

ఇండియా ఊళ్లకు ఆయన రాసిచ్చిన ప్లానులు చాలావరకు దస్త్రాల్లోనే ఉండిపోయాయి. అయితే ముందు ఊరు తిరిగి చూడాలి, తరువాతే ప్లాను గీయాలి అన్న ఆయన పద్ధతిని పట్టణ ప్రణాళిక చదివేవారికి నేటికీ మొదటి పాఠంగా చెబుతున్నారు. తమ చెరువు శిఖం హద్దు, బాటలు, బావులు ప్లానులో ఉన్నాయో లేవో అడిగే పల్లెవాసులు కోరుతున్నదీ అదే.