అతుకు వేసిన చేయి, పంచిపెట్టిన చేయి

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పేరు వినగానే మనకు ఆమె జ్ఞానం గుర్తుకొస్తుంది. 2,210 హదీసులు ఆమె ద్వారా మనకు చేరాయి. అంతటి విదుషీమణి సూదీదారం పట్టి తన బట్టలు తానే కుట్టుకునేవారన్న సంగతి మాత్రం మన ఇళ్లలో అంతగా చెప్పుకోము.

ఆమె హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) కుమార్తె. మదీనాలో మస్జిదె నబవీని ఆనుకొని ఉన్న చిన్న గదిలో కాపురం చేశారు. దైవప్రవక్త (స) ఇంట్లో తన బట్టలు, చెప్పులు తానే కుట్టుకునేవారని లోకానికి తెలిపింది ఆమే. ఒకసారి ఆమె ఇంట్లో బొమ్మలున్న తెర కట్టారు. ప్రవక్త (స)కు అది నచ్చలేదు. ఆమె దాన్ని పారేయలేదు, చించి రెండు దిండ్లు కుట్టారు. ముసుగును గురించిన ఆయతు అవతరించినప్పుడు స్త్రీలు కొత్త గుడ్డ కోసం ఎదురుచూడక, తమ వస్త్రాలనే చించి ముసుగులు చేసుకున్నారని వివరించిందీ ఆమే.

ప్రవక్త (స) కాలంలో ఆమె దగ్గర ఒక ముతక అంగీ ఉండేది. మదీనాలో పెళ్లికూతుళ్ల అలంకరణకు దాన్నే అరువు తీసుకెళ్లేవారు. తర్వాత సంపద పెరిగింది. అలాంటి ఐదు దిర్హముల అంగీని ఇంట్లో తొడుక్కోవడానికి పనిపిల్ల సైతం చిన్నతనంగా భావించే రోజులొచ్చాయి. ఆమె మాత్రం అదే తొడుక్కున్నారు.

ఆమె 70 వేలు దానం చేయడం అక్క కొడుకు హజ్రత్ ఉర్వా కళ్లారా చూశారు. అప్పుడు ఆమె ఒంటిమీది అంగీకి అతుకు ఉంది! మరోసారి ఒకాయన చూడవస్తే, చేతిలోని కుట్టు పూర్తయ్యేదాకా ఆగమన్నారు. ఈ సంగతి బయట చెబితే జనం పిసినారి అనుకుంటారేమోనని ఆయన అన్నారు. పాతది తొడగని వారికి కొత్తది ఉండదన్న భావంతో ఆమె బదులిచ్చారు.

పిసినారి దాచుకోవడానికి మిగులుస్తాడు. ఆమె పంచడానికి మిగిల్చారు. తేడా అంతా అక్కడే ఉంది.

హిజ్రీ 58 (క్రీ.శ. 678) రంజాన్ మాసంలో ఆమె పరమపదించారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

కాస్త కుట్టు ఊడితే చాలు, మనం బట్టను మూలన పడేస్తున్నాం. పండుగ బట్టల కోసం అప్పులు కూడా చేస్తున్నాం. మన ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ సూది పట్టడం నేర్పుదాం. అది ప్రవక్త (స) చేసిన పనే కదా! అలా మిగిలిన డబ్బుతో ఈ ఈద్‌కు ఒక అనాథ బిడ్డకు కొత్త జత కుట్టిద్దాం.