అవధాన పరీక్షలో నిలిచి.. హరికథకు పితామహుడై
అజ్జాడ నుంచి ఆస్థానం దాకా ఆదిభట్ల నారాయణదాసు ప్రస్థానం

అండగా నిలిచే ప్రభువు లేడు. చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. చదువు ఇంకా పూర్తి కాలేదు. ఉన్నదల్లా ధారణ, గాత్రం, తడబడని ధైర్యం. వాటినే పెట్టుబడిగా చేసుకుని పండిత సభలో నిలబడి, అడిగినవారందరికీ సమాధానం చెప్పి పేరు సంపాదించుకున్న యువకుడు ఆదిభట్ల నారాయణదాసు. తెలుగునాట హరికథా పితామహుడిగా ఖ్యాతికెక్కిన ఈ మహనీయుడు తన తొలి గుర్తింపును సభాపరీక్షల ద్వారానే పొందారు. అయితే గెలుపు దగ్గరే ఆగిపోకపోవడం ఆయన ప్రత్యేకత. పదిమంది పండితులను మెప్పించిన విద్యను వేలాది పామరుల ముంగిటికి చేర్చడమే ఆయన జీవితానికి పరమార్థమైంది.

పుస్తకాల అంగడిలో తొలి పరీక్ష

నారాయణదాసు 1864 ఆగస్టు 31న అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. తండ్రి వేంకటచయనులు, తల్లి నరసమ్మ. నాడు మద్రాసు రాజధానిలో భాగమైన ఈ పల్లె చిరకాలం విజయనగరం జిల్లా బలిజిపేట మండలంలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలోకి చేరింది.

పసితనంలోనే ఆయన భాగవత పద్యాలు కంఠస్థం చేశారు. ఐదేళ్ల వయసులో ఒక పుస్తకాల అంగడి వద్ద భాగవతం కొనిపెట్టమని మారాం చేయగా, చదవడం కూడా రాని పిల్లవాడికి ఆ గ్రంథం ఎందుకని వర్తకుడు నవ్వాడట. బాలుడు అక్కడికక్కడే పద్యాలు వరుసగా అప్పజెప్పడంతో ఆశ్చర్యపోయిన వర్తకుడు పుస్తకాన్ని కానుకగా ఇచ్చి పంపాడని ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకొంటారు. ఇంట్లో వినికిడి ద్వారా అబ్బిన విద్యకు బయటివారు పెట్టిన తొలి పరీక్ష అది. ఇలాంటి పరీక్షలు ఆ తరువాత ఆయనకు నిత్యకృత్యమయ్యాయి.

మనుమడి గొంతులోని మాధుర్యాన్ని గుర్తించిన అమ్మమ్మ అతడిని బొబ్బిలికి తీసుకువెళ్లి వాసా సాంబయ్య వద్ద సంగీతం నేర్పించారు. గురుముఖంగా నేర్చినది కొద్దికాలమే. తక్కినదంతా స్వయంకృషి. అనంతరం విజయనగరంలో న్యాయవాదిగా ఉన్న అన్నగారి ఇంట చేరి ఇంగ్లిషు చదువులో ప్రవేశించారు. సంస్కృతాంధ్రాలతోపాటు ఆంగ్ల సాహిత్యం, తరువాతి కాలంలో ఉర్దూ, పారసీ, అరబ్బీ భాషలు కూడా ఆయనకు వశమయ్యాయి.

మలుపు తిప్పిన రాత్రి

1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ విజయనగరం వచ్చి హరికథాగానం చేశారు. మహారాష్ట్ర కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణాదికి వచ్చి రూపుదిద్దుకున్న కళ అది. అప్పటికి నారాయణదాసు వయసు పంతొమ్మిది. ఒక్కరే పాడుతూ, కథ చెబుతూ, అభినయిస్తూ సభను గంటల తరబడి కట్టిపడేయడం చూసిన ఆ విద్యార్థి మనసులో ఒక సంకల్పం మొలిచింది. తనకు తెలిసిన సంగీతం, పద్యం, నృత్యం, హాస్యం అన్నీ ఒకేచోట ఇమిడే కళ ఇదేనని గ్రహించారు.

సంకల్పం ఆచరణగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. అదే ఏడాది ధ్రువ చరిత్రను స్వయంగా రచించి, స్వరపరచి, విజయనగరంలోనే హరికథగా వినిపించారు. అప్పటిదాకా ఎవరో రాసిన కీర్తనలను మరొకరు పాడి కథ నడిపించే పద్ధతే ఎక్కువగా ఉండేది. రచయిత, గాయకుడు, నర్తకుడు ఒక్కరే కావడం శ్రోతలకు కొత్త అనుభవం.

సభలో ఒంటరిగా..

పల్లెల్లో హరికథ చెప్పి మెప్పించడం ఒక ఎత్తు. పండితుల చేత కవి అనిపించుకోవడం మరో ఎత్తు. గ్రంథాలు అచ్చువేయించుకునే స్తోమత లేని యువకవికి ఆ రోజుల్లో అందుబాటులో ఉన్న మార్గం అవధానమే.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు అర్థం పొసగని పద్యపాదాన్ని సమస్యగా ఇచ్చి పూరించమంటారు. మరొకరు సంబంధం లేని నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం కోరతారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా ఫలానా అక్షరం వాడరాదని అడ్డు తగులుతారు. వర్ణన, ఆశువు, వ్యస్తాక్షరి వంటివి మరికొన్ని. ఈ మధ్యలోనే ఒకరు గంట మోగిస్తుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోవాలి. అసందర్భ ప్రశ్నలతో ఏకాగ్రత చెడగొట్టేవారికి చమత్కారంగా జవాబివ్వాలి. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున చెబుతూ పోయి, చివరకు పద్యాలన్నింటినీ పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి. కాగితం, కలం ఉండవు. తడబాటు దాచుకునే వీలూ ఉండదు.

హరికథా యాత్రలో భాగంగా నారాయణదాసు శ్రీకాకుళం సీమ దాటి, నేడు ఒడిశాలో ఉన్న గంజాం ప్రాంతానికి వెళ్లారు. అన్న పేరన్న ఆయనకు తోడుగా ఉండి కథాగానంలో పాలుపంచుకునేవారు. ఛత్రపురం, బరంపురం పట్టణాలు నాడు తెలుగు ఉద్యోగులు, పండితులతో కళకళలాడేవి. ఆ యాత్రలోనే అంబరీష చరిత్ర వెలువడింది. ఛత్రపురంలో ఆయన అష్టావధానం కూడా చేసి మెప్పించారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి ఆ విద్యకు జనాదరణ కల్పించినది 1890 తరువాతి దశకంలో. అంతకు ముందే ఉత్తరాంధ్ర కుర్రవాడు ఒకరు ఆ సభాపరీక్షకు నిలిచారన్నది ఈ జిల్లాల సాహిత్య చరిత్రలో గుర్తుంచుకోదగ్గ విషయం.

గెలుపు సరే.. ఆ తరువాత?

అవధానంలో విజయం ఎంత గొప్పదైనా అది ఆ పూటకే పరిమితం. సభ ముగిశాక అందులోని పద్యాల్లో అధికభాగం గాలిలో కలిసిపోతాయి. పృచ్ఛకుడు అడిగినదే కవి చెప్పాలి తప్ప తాను చెప్పదలచుకున్నది చెప్పే అవకాశం స్వల్పం. పైగా రసాస్వాదన విద్యావంతులకే పరిమితం. నారాయణదాసు అవధానాన్ని విడిచిపెట్టలేదు గానీ, దానినే జీవితంగా చేసుకోలేదు. అందులో అలవడిన ఏకాగ్రతను, ధారణను, సమయస్ఫూర్తిని హరికథకు మళ్లించారు.

కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు, మెడలో పూలమాలతో ఆయన వేదిక ఎక్కితే తెల్లవారుజాము దాకా జనం కదిలేవారు కాదంటారు. పండితుడికి శ్లోకం, రైతుకు సామెత, సంగీతజ్ఞుడికి రాగం, పిల్లలకు హాస్యం ఒకే కథలో దొరికేవి. అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షణం, రుక్మిణీ కల్యాణం, ప్రహ్లాద చరిత్ర, సావిత్రీ చరిత్ర, జానకీ శపథం, యథార్థ రామాయణం వంటి రచనలు తరతరాల భాగవతార్లకు పాఠ్యగ్రంథాలయ్యాయి. అచ్చతెలుగులో గౌరప్ప పెండ్లి, సంస్కృతంలో హరికథామృతం రచించి, ఈ ప్రక్రియకు భాషాపరమైన హద్దులు లేవని నిరూపించారు.

లయపై ఆయనకు గల అధికారం అపూర్వం. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు పాదాలతో రెండు తాళాలు, శిరస్సుతో మరో తాళం ఏకకాలంలో వేస్తూ పాడే పంచముఖిని ప్రదర్శించి పంచముఖీ పరమేశ్వరుడనిపించుకున్నారు. తాళాలు వేస్తూనే తెలుగు, సంస్కృత పద్యాలు చెప్పడం, ఇంగ్లిషు వ్యస్తాక్షరిని విప్పడం, గంటలు లెక్కించడం, గణిత సమస్యలకు జవాబివ్వడం కలగలిపిన ప్రదర్శనకు అసాధ్య అష్టావధానమనే పేరు వచ్చింది.

మైసూరు మెచ్చాక..

విచిత్రమేమంటే విజయనగరంలోనే పెరిగి, అక్కడే తొలి కథ చెప్పిన ఈ విద్వాంసుడికి ఆ ఊరి ఆస్థానంలో చోటు దొరకడానికి పదేళ్లకు పైగా పట్టింది. 1894లో ఆయన మైసూరు వెళ్లి మహారాజు చామరాజేంద్ర వడయార్ ఎదుట తన విద్యను ప్రదర్శించి ఘన సత్కారం పొందారు. ఆ కీర్తి విజయనగరం చేరిన మీదట కళాభిమాని అయిన ఆనంద గజపతి రాజు ఆయనను పిలిపించి ఆదరించారు. గురజాడ అప్పారావు వంటి ప్రతిభావంతులు మెలగిన ఆ కొలువులో నారాయణదాసుకు ఆస్థాన విద్వాంసుడిగా స్థానం లభించింది.

రాజాశ్రయం లభించినా తన కావ్యాలను మానవమాత్రులకు అంకితమివ్వని నియమాన్ని మాత్రం ఆయన సడలించలేదు. ఎవరి కొలువులో ఉన్నా కృతులు దైవానికే చెందాలన్నది ఆయన నిశ్చయం.

పరీక్షించే స్థానంలో..

1919 ఫిబ్రవరి 5న విజయరామ గజపతి రాజు విజయనగరంలో సంగీత కళాశాలను నెలకొల్పి నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా నియమించారు. యౌవనంలో అందరి పరీక్షలకూ నిలిచిన వ్యక్తి ఇప్పుడు ఇతరులను పరీక్షించే స్థానంలోకి వచ్చారు. ఆ బాధ్యతను ఆయన ఎంత ఉదారంగా నిర్వహించారో చెప్పేందుకు ద్వారం వేంకటస్వామి నాయుడి ఉదంతం ఒక్కటి చాలు. కంటిచూపు మందగించిన ఆ ఇరవై ఆరేళ్ల యువకుడు విద్యార్థిగా చేరేందుకు వచ్చి వాయులీనం వాయించి వినిపించారు. విన్న నారాయణదాసు ఆయనను విద్యార్థిగా కాక ఆచార్యుడిగానే కళాశాలలో చేర్చుకున్నారు. పట్టా, వయసు, సిఫారసు ఏదీ అడ్డు రాలేదు. ఛత్రపురం సభలో తన వయసు చూడక విద్యనే చూసిన పెద్దల న్యాయాన్ని ఆయన మరో యువకుడికి అందించారు. 1936లో దాసుగారు పదవి విరమించాక ఆ పీఠాన్ని అధిష్ఠించినది ద్వారం వారే.

పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిష్యరికం చేస్తూ, ఇంటింటా మధూకరం ఎత్తుకుని చదువుకున్న ఘంటసాల వేంకటేశ్వరరావు కూడా ఆ కళాశాల విద్యార్థే. ఆ పేద విద్యార్థి గానాన్ని మెచ్చి నారాయణదాసు తంబురాను బహూకరించారు. తెలుగు సినీగానానికి దిక్సూచి అయిన గళానికి అది తొలినాటి ఆశీస్సు.

అలుపెరుగని కలం

వయసు పైబడినా ఆయన రచనా వ్యాసంగం ఆగలేదు. షేక్స్‌పియర్, కాళిదాసుల రచనల్లోని రసవద్ఘట్టాలను తెలుగు చేసి, ఇద్దరినీ పక్కపక్కన నిలిపిన నవరస తరంగిణి 1922లో వెలువడింది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుంచీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం నుంచీ గ్రహించి సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ అనువదించిన గ్రంథం 1932లో ప్రచురితమైంది. మూలాన్నీ అనువాదాన్నీ పోల్చి చూసి, రెండు భాషల్లో పద్యం కట్టడం నాటి పండితులను అబ్బురపరిచింది. సంస్కృత పదం లేకుండా గంభీరమైన భావం చెప్పలేమన్న అభిప్రాయానికి ఆయన అచ్చతెలుగు రచనలే సమాధానమిచ్చాయి. తన తొలి మూడు దశాబ్దాల జీవితాన్ని నా యెఱుక పేరుతో దాపరికం లేకుండా గ్రంథస్థం చేశారు.

1945 జనవరి 2న ఎనభై ఏళ్ల వయసులో నారాయణదాసు పరమపదించారు. ఆయన తొలి అధ్యక్షుడిగా ఉన్న సంగీత కళాశాల 2019లో నూరేళ్లు పూర్తి చేసుకుంది. ఆయన కథలు నేర్చిన భాగవతార్లు ఉత్తరాంధ్ర ఎల్లలు దాటి తెలుగునాట ఊరూరా గజ్జెకట్టారు. నేడు పాఠశాలల్లో, సాహితీ సంస్థల్లో జరిగే పద్యపోటీల్లో పాల్గొనే విద్యార్థులకు బహుమతి ఒక గుర్తింపు మాత్రమేనని, ఆ గుర్తింపుతో సాధించవలసినది ముందున్నదని ఈ అజ్జాడ కవి జీవితం బోధిస్తోంది. ఆయన గెలిచిన సభల్లోని పద్యాల్లో చాలావరకు నేడు ఎవరికీ గుర్తులేవు. ఆయన జనం మధ్య పాడిన కథలు మాత్రం చిరుతల చప్పుడు వినిపించిన ప్రతిచోటా సజీవంగానే ఉన్నాయి.