పిల్లల ఇల్లు తెరిచిన డాక్టరమ్మ



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరినారు. నాయకులను గురించి, కవులను గురించి వ్రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను డాక్టర్ మరియా మాంటిస్సోరిని ఎన్నుకున్నాను. ఆ పేరు గల బోర్డు లేని పట్టణం మన తెలుగునాట కనబడదు. అయినా అది ఒక మనిషి పేరని, ఆమె మన దేశంలో ఏళ్ళ తరబడి ఉన్నదని తెలిసినవారు తక్కువ. మనలో అనేకులం ఇప్పుడు రెండో విడత పిల్లల పెంపకంలో ఉన్నాము. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్ళగా మూడేళ్ళ మనవడినో మనవరాలినో స్కూలు గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళేది మనమే గదా!

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊరిలో పుట్టింది. తండ్రి మనలాంటి ప్రభుత్వోద్యోగే. ఆర్థికశాఖలో పొగాకు వ్యవహారాలు చూసేవాడు. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారి చివరకు 1875లో కుటుంబం రోము నగరం చేరింది. కూతురు టీచరు కావాలని తండ్రి కోరిక. ఆమె మాత్రం మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావాలనుకుని, ఆపైన వైద్యవిద్యకు మళ్ళింది. తల్లి అండగా నిలిచింది. శవాన్ని కోసి చూసే తరగతిలో మగవారితో కలిసి కూర్చోవడం తగదన్నారు గనుక, అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే ఆ గదిలో పని చేసుకునేది. ఆ వాసన భరించలేక పొగ తాగేదట. 1896లో డాక్టరు పట్టా పుచ్చుకుంది.

ఉద్యోగం రోము విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో. ఆ రోజుల్లో బుద్ధిమాంద్యం గల పిల్లలను కూడా పిచ్చాసుపత్రులలోనే ఉంచేవారు. ఒకచోట భోజనం కాగానే పిల్లలు నేలమీద పడి రొట్టె ముక్కలు ఏరుకోవడం చూసి ఆయా అసహ్యించుకుంది. ఆ గదిలో పిల్లల చేతికి దొరికే వస్తువు మరేదీ లేదని డాక్టరమ్మ గమనించింది. ఆకలి కడుపుది కాదు, చేతులది అని ఆమెకు తోచింది. ఫ్రాన్సులో అంతకు ముందు ఇటార్, సెగాన్ అనే వైద్యులు ఇటువంటి పిల్లలపై చేసిన కృషిని శ్రద్ధగా చదివి, వస్తువులు తయారుచేయించి నేర్పింది. ఆ పిల్లలలో కొందరు మామూలు పిల్లల పరీక్షలు వ్రాసి నెగ్గారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ఈమెకు మాత్రం వేరే సందేహం కలిగింది. వీరే ఇంత చేయగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు బడుల్లో ఇంత వెనకబడి ఎందుకున్నట్లు?

ఈ కాలంలోనే ఆమె జీవితంలో ఒక కష్టం వచ్చింది. తోటి వైద్యుడు మోంటెసానోతో స్నేహం ఫలితంగా 1898లో కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్ళి జరగలేదు. బయటపడితే ఆ కాలపు సమాజంలో ఉద్యోగమూ పరువూ రెండూ పోయేవి. పసివాణ్ణి పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది, తల్లినని చెప్పకుండా. తరువాత మోంటెసానో మరొకరిని వివాహమాడాడు. ఆమె ఆయనతో కలిసి నడుపుతున్న సంస్థను 1901లో వదిలేసింది. ఇది తప్పని కొందరంటారు. కడుపున పుట్టినవాణ్ణి పరాయివాడిగా పలకరించి తిరిగి రావడం ఎంత కష్టమో ఆలోచించిన తరువాత నాకు తీర్పు చెప్పబుద్ధి కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. రోములో శాన్ లొరెంజో అనేది కూలివారి పేట. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడ ఇళ్ళు బాగుచేయించి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్ళాక పిల్లలు మెట్లమీద, గోడలమీద పడి పాడుచేస్తున్నారు. గోడలు కాపాడుకోవడానికే ఆ సంస్థవారు ఈమెను పిలిచారంటే అతిశయోక్తి కాదు. 1907 జనవరి 6న ఆ భవనంలోనే ఒక గదిలో 'పిల్లల ఇల్లు' తెరిచారు. రెండేళ్ళు దాటినవారి నుండి ఆరేడేళ్ళవారి దాకా సుమారు 50 మంది. చూసుకోవడానికి పెద్ద శిక్షణ లేని ఒక యువతి.

అక్కడ ఆమె చేసింది బోధన కాదు, గమనిక. మూడేళ్ళ పాప ఒకతె రకరకాల కొయ్య దిమ్మెలను వాటివాటి గుంటల్లో అమర్చడం, తీయడం, మళ్ళీ అమర్చడం చేస్తున్నది. చుట్టూ పిల్లలతో పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీని అలాగే ఎత్తి బల్లమీద పెట్టారు. పాప దిమ్మెలు ఒళ్ళో వేసుకుని నలభైసార్లకు పైగా చేసి, తనంతట తనే ఆపి, హాయిగా చుట్టూ చూసిందట. పసిపిల్లలకు నిలకడ ఉండదనే మన మాటకు అది జవాబు.

ఇంకొకనాడు టీచరు ఆలస్యంగా వచ్చింది. ముందురోజు బీరువాకు తాళం వేయడం మరచింది. వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసినది వారు తీసుకుని పని చేసుకుంటున్నారు. టీచరుకు అది దొంగతనంగా కనబడింది. డాక్టరమ్మకు మాత్రం వారికి ఏది కావాలో వారికే తెలుసునని అర్థమైంది. అప్పటినుండి తాళం బీరువాలు పోయి, పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో అరలు వచ్చాయి. బీరువా తాళంచెవులు మొలకు కట్టుకుని సర్వీసు చేసిన మనకు ఇది వింతగానే ఉంటుంది!

ముక్కు చీదుకోవడం ఎలాగో ఒకరోజు ఆమె మెల్లగా చేసి చూపితే పిల్లలందరూ చప్పట్లు కొట్టారట. అంతకు ముందు వారిని ముక్కు గురించి తిట్టినవారే గాని, నేర్పినవారు లేరు.

చదువు చెప్పాలని ఆమె మొదట అనుకోలేదు. చదువురాని తల్లులే వచ్చి బతిమాలారు. అప్పుడు వడ్రంగులు వాడే గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించింది. పిల్లలు వాటిని వేళ్ళతో తడుముతూ ఆ ధ్వని పలికేవారు. కొన్నాళ్ళకు ఒక డిసెంబరు ఎండలో, మేడమీద, ఐదేళ్ళ పిల్లవాణ్ణి పొగగొట్టం బొమ్మ గీయమని సుద్దముక్క ఇచ్చింది. వాడు బొమ్మ గీసి, ఉన్నట్టుండి పదాలు వ్రాయడం మొదలుపెట్టాడు. తనకు వ్రాయడం వచ్చునని వాడికే అప్పటిదాకా తెలియదు. చేయి సిద్ధమైన తరువాత వ్రాత దానంతట అదే వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా మనవరాలు గుర్తుకువచ్చింది. ఆ మహాతల్లి పేరు బోర్డుమీద పెట్టుకున్న ఒక బడివారు, పేరు ఇక్కడ అనవసరం, మూడు నిండని పిల్లకు పెన్సిలు ఇచ్చి రోజూ రెండేసి పేజీలు ఇంటిపని ఇచ్చారు. అన్నం తినడానికే వేళ్ళు సరిగా మడవలేని వయసు. ఆ పేరుపై ఎవరికీ గుత్తహక్కు లేదు గనుక ఎవరైనా వాడుకోవచ్చు. చేర్పించే ముందు లోపలికి వెళ్ళి చూడవలసిన బాధ్యత పెద్దలదే. చెయ్యి అందే అరలున్నవా, మూడు నాలుగు ఐదేళ్ళవారు కలిసి పని చేసుకుంటున్నారా, టీచరు తక్కువ మాట్లాడుతున్నదా అని చూస్తే చాలు.

ఆమె చెప్పిన ప్రతిదానికీ నేను తల ఊపను. చిన్నపిల్లలకు రాజకుమారుల, రాక్షసుల కథలు వద్దన్నది. మన పేదరాశి పెద్దమ్మను వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. 1924 నుండి కొన్నేళ్ళు ముస్సోలినీ ప్రాపకం అంగీకరించింది. పిల్లలను కవాతుకు తయారుచేయడం తన పని కాదని తేలాక వారిద్దరికీ చెడింది. 1934 ప్రాంతంలో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు అంతకు ముందే మూయించారు. 1936లో స్పెయిను అంతర్యుద్ధం వచ్చి బార్సిలోనా వదిలి, హాలండు చేరింది.

మన దేశంలో ఆమె పద్ధతి ఆమెకంటె ముందే వచ్చింది. భావనగర్‌లో గిజూభాయి బధేకా వకీలు వృత్తి వదిలి 1920లో బాలమందిరం పెట్టాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ తరువాత పేదల వాకిళ్ళకే బడిని తీసుకువెళ్ళింది. మనం నేడు అంగన్‌వాడీ అంటున్న మాట ఆ కృషి నుండి వచ్చినదే. గిజూభాయి 1939 జూన్‌లో కన్నుమూశాడు. అదే ఏడు నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై డాక్టరమ్మ మదరాసు అడయారులో దిగింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే. మొదటి శిక్షణకే సుమారు 300 మంది వచ్చారు.

కొద్ది నెలలకే, 1940 జూన్‌లో, ఇటలీ యుద్ధంలో దిగింది. తల్లీకొడుకులు శత్రుదేశస్థులయ్యారు. అవును, అప్పటికి మారియో ఆమె దగ్గరే ఉన్నాడు. ఆమె తల్లి 1912లో చనిపోయాక అతన్ని తెచ్చుకుంది. అయితే లోకానికి మేనల్లుడనో, పెంపుడు కొడుకనో చెప్పేది. అతన్ని అహ్మదునగరు నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమెను అడయారు ఆవరణ దాటవద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకు 70 ఏళ్ళు నిండాయి. ఆ రోజున వైస్రాయి నుండి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా కొడుకును తిరిగి పంపుతున్నామని దాని సారాంశమని చెబుతారు. నలభై ఏళ్ళుగా ఆమె నోట రాని మాట సర్కారు తంతిలో వచ్చింది.

తరువాత కొడైకెనాల్‌లో కొన్నేళ్ళు, యుద్ధం ముగిశాక కరాచీ, అహమ్మదాబాదు. అహమ్మదాబాదు ఉపన్యాసాల ఆధారంగా వచ్చినదే 1949లో అడయారులో అచ్చయిన ప్రసిద్ధ గ్రంథం. పుట్టినది మొదలు ఆరేళ్ళ దాకా బిడ్డ మనసు చుట్టూ ఉన్నదాన్నంతా పీల్చుకుంటుందని అందులో వివరించింది. 2006లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక పరిశోధన ఫలితం వెలువడింది. లాటరీలో ఆ బడిలో సీటు వచ్చిన పిల్లలను, రానివారిని పోల్చి చూడగా, ఐదేళ్ళవారిలో సీటు వచ్చినవారు చదువులోనూ, తోటివారితో మెలగడంలోనూ మెరుగ్గా ఉన్నారని తేలింది.

ఆమె 1952 మే 6న హాలండు సముద్రతీరాన నూర్డ్‌వైక్ అనే ఊళ్ళో మరణించింది. అక్కడే సమాధి చేశారు. తన కృషినంతా మారియోకు అప్పగిస్తూ వ్రాసిన వీలునామాలో అతన్ని తన కొడుకుగానే పేర్కొన్నది. మారియో 1982లో చనిపోయేదాకా ఆ పనే చేశాడు.