ఫోలిక్ ఆమ్లము – యల్లాప్రగడ సుబ్బారావు

కర్నూలు, కడప సీమల నల్లరేగడి చేలలో వానలు వెనుకబట్టిన పిమ్మట, నేలలో మిగిలిన తేమనే నమ్ముకొని పండు పంట శనగ. ఆ గింజలోను, కందిపప్పులోను, ఆకుకూరలలోను కంటికి కానరాని విటమిను ఒకటి కలదు. అది లోపించినచో రక్తము క్షీణించును. గర్భిణికి చాలకపోయినచో శిశువు వెన్నెముక సరిగా మూసికొనకపోవచ్చును. అందుచేతనే ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఫోలిక్ ఆమ్లపు మాత్రలిచ్చుచున్నారు. ఆ పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు తెలుగువాడు. ప్రతిదినము ఆ మాత్ర మ్రింగువారిలో ఆయన పేరెరిగినవారు మిక్కిలి తక్కువ.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము పేదది. బాలునకు చదువుపై అంతగా మనసు లేదు. పదమూడవ యేట, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెనని చెప్పుదురు. తల్లి పట్టుదల గల యిల్లాలు. వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు గాని ఆయన ఉత్తీర్ణుడు కాలేదు. పరీక్షలో తప్పిన బాలుని గూర్చి తొందరపడి తీర్పు చెప్పు ఉపాధ్యాయులు ఈ సంగతి గమనింపదగినది.

పిమ్మట చెన్నపట్టణమున వైద్యకళాశాలలో చేరెను. అది జాతీయోద్యమము విజృంభించుచున్న కాలము. సుబ్బారావు శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు ధరించెను. శస్త్రవైద్యాచార్యుడగు దొరకు అది రుచింపలేదు. ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే లభించెను. ఇంతలో ఇంట పెద్ద దెబ్బ తగిలెను. ఇద్దరు సోదరులు కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. పెద్దవాడైన పురుషోత్తమును బలిగొన్నది స్ప్రూ అను వ్యాధి. ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేక, రోగి నానాటికి కృశించి రక్తహీనుడై పోవును. అప్పటి వైద్యులకు దీని మూలము తెలియదు. సుబ్బారావునకును ఆ జబ్బు సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనెనందురు. తరువాత ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే బోధకుడుగా పనిచేసెను.

1923 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు ప్రయాణమునకు సాయపడిరి. భార్య శేషగిరి ఇచ్చటనే నిలిచిపోయెను. ఆయన వెళ్ళిన తరువాత జన్మించిన కుమారుడు శైశవముననే మరణించెను. సుబ్బారావు మరల స్వదేశమునకు రానేలేదు. ఆ యిల్లాలి నిరీక్షణకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఎచ్చటను లెక్క లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున పగలు చదువు. జీవనమునకై రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుటవంటి పనులు. అచ్చట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి 1925లో, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని కనుగొనెను. ద్రావణములో మాలిబ్డేటు మొదలగు రసాయనములు చేర్చినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమైనచో భాస్వరము అంత హెచ్చు. ఇంత సులభమైన యుపాయము చేతనుండుటచేతనే వారిరువురును 1927లో కండరములనుండి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను మరియొక పదార్థమును బయటకు తీయగలిగిరి. రెండవదానిని జర్మనీలో లోమన్ అనునాతడు అదే సంవత్సరము స్వతంత్రముగా కనుగొనెను. ప్రాణికోటి యంతయు తన శక్తిని ఖర్చుపెట్టు నాణెము ఎ.టి.పి. యని నేడు పాఠశాల విద్యార్థికిని తెలియును. 1930లో డాక్టరేటు వచ్చెను గాని, హార్వర్డు ఆయనకు స్థిరమైన యుద్యోగ మీయలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరు నందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనతికాలముననే పరిశోధనలకు అధిపతి యయ్యెను. వెంటపడినది పాత పగవానినే. గర్భిణుల రక్తహీనత యొకవిధమైనది ఈస్టుసారముతో కుదురునని లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో పరిశోధించి 1931లోనే తెలిపియుండెను. ఆ సారములోని అసలు పదార్థమేదో తెలియలేదు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఇట్టి పదార్థమును అతిస్వల్పముగా తీసి, ఆకు అను నర్థము గల లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. టన్నులకొలది ఆకునుండి తీయు మందు రోగికి చాలునా? సుబ్బారావు పట్టిన దిచ్చటనే. కాలేయమునుండియు, సూక్ష్మజీవులను పెంచిన ద్రవమునుండియు స్ఫటికములు తీయించి, వాని నిర్మాణమును విడమరచి చూపించి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయు మార్గము సాధించెను. స్టోక్‌స్టాడ్, వాలర్ మున్నగు పెక్కుమంది శ్రమ ఇందు కలదు. ఆ పిమ్మట కొలదికాలమునకే స్ప్రూ రోగులకు ఆ మందిచ్చి చూడగా వారు తేరుకొనిరి. పురుషోత్తము మరణించి అప్పటికి పాతికేండ్లు దాటినది.

కథ అచ్చట ఆగలేదు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకీమియా, అనగా రక్తపు కేన్సరు, సోకిన పిల్లలకు ఈ జాతి మందు లిచ్చి చూడగా వ్యాధి హెచ్చినట్లు తోచెను. పెరుగుచున్న దుష్టకణములకు ఇది ఆహారమైనచో, దీనివలె కనబడి దీని పని చెడగొట్టు పదార్థము వానిని అణచవలెను గదా! లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్ అట్టిది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన ఫలితములలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే. అయినను పిల్లలలో ఆ వ్యాధి మందుకు లొంగుట అదియే మొదలు. దాని సోదరమగు మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరునకును, కీళ్ళవాతమునకును వాడుకలో నున్నది. ఆ జూను గడచి రెండు నెలలైనను పూర్తికాకుండ, 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే మరణించెను. ఆయన వయస్సు 53.

రక్తములోని ఫోలిక్ ఆమ్లమును కణము తనలోనికి ఎట్లు గ్రహించును? ఈ ప్రశ్నకు ఆయన నాడు సమాధానము లేదు. కొన్ని కణముల పైపొరమీద దానిని పట్టుకొను మాంసకృత్తు కలదని తరువాత తేలెను. దీనికే ఫోలేటు గ్రాహకమని పేరు. మూత్రపిండములందును, గర్భిణి మావియందును ఇది మెండు. అండాశయపు కేన్సరు కణములపై మరింత మెండు. దీనిని పరిశీలింపవలెనన్నను పాత చిక్కే యెదురైనది. చేతికి చాలినంత రావలెను. మొదట ప్రసవానంతరపు మావినుండి తీసిరి. జన్యువు దొరికిన పిమ్మట మార్గము మారెను. మానవుని జన్యువును ప్రయోగశాలలో పెంచు కణములలో చొప్పింతురు. ఆ కణములే గ్రాహకమును అల్లును. బాక్టీరియాచే చేయించుట చౌకయే గాని, ఈ మాంసకృత్తుపై నుండవలసిన చక్కెర గొలుసులను మానవకణమువలె కూర్చుట సాధారణ బాక్టీరియాకు చేతగాదు. గ్రాహకమును పొరకు బిగించు కొసను జన్యువులోనే తొలగించినచో అది పెంపకపు ద్రవములోనికి విడుదల యగును. దానిని వడకట్టి శుద్ధిచేసిన, లీటరునకు కొన్ని మిల్లీగ్రాములు దక్కినను గొప్పయే.

ఇట్లు చేసిన గ్రాహకమును స్ఫటికముగా మార్చి, ఎక్స్-కిరణములతో 2013లో చూచిరి. ఫోలిక్ ఆమ్లము తలభాగము గ్రాహకపు లోతైన గుంటలో దిగియున్నది. తోక వెలుపలికి నిలిచియున్నది. తోకకు మరియొకటి కట్టినను గ్రాహకము పట్టు విడువదని దీనివలన స్పష్టమయ్యెను. ఫోలిక్ ఆమ్లమువంటి పదార్థమునకు మెరయు రంగును తగిల్చిన ఒక మందునకు 2021లో అమెరికాలో అనుమతి లభించెను. శస్త్రచికిత్సకు ముందు దానిని రోగి రక్తములోనికి ఎక్కింతురు. ప్రత్యేకమగు కెమెరాతో చూచినపుడు, మామూలు వెలుతురున వైద్యుని కన్ను తప్పించుకొను అండాశయపు కేన్సరు కణితులు ఆ రంగుతో వెలుగును.