మంచుదారిలో నేస్తం

కొందరు ధనార్జన కోసం దేశాలు తిరుగుతారు. మరికొందరు కీర్తికోసం తిరుగుతారు. కొండను చూడడానికే కొండ ఎక్కినవారు, చెట్టును తెలుసుకోవడానికే అడవిలో అడుగుపెట్టినవారు అరుదు. అట్టి అరుదైన బాటసారి జాన్ మ్యూర్. అమెరికా దేశంలో అడవుల రక్షణకు, జాతీయోద్యానాల స్థాపనకు బాటలు వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన నడిచిన వేలాది మైళ్ల దారిలో పుస్తకాలు నేర్పని ఒక పాఠాన్ని ఒక చిన్న కుక్క నేర్పింది.

జాన్ మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లాండ్‌లోని డన్‌బార్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించాడు. తండ్రి డేనియల్ మ్యూర్, తల్లి ఆన్. తండ్రి మతనిష్ఠ గలవాడు, కఠిన స్వభావుడు. 1849లో ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్లి విస్కాన్సిన్ ప్రాంతంలో స్థిరపడింది. అప్పటికి జాన్‌కు పదకొండేళ్లు. అడవిని నరికి పొలంగా మార్చే పనిలో ఆ బాలుని చదువు ఆగిపోయింది. తెల్లవారింది మొదలు పొద్దుగూకే వరకు నాగలి పట్టడం, మొద్దులు పెకలించడం అతని నిత్యకృత్యమైంది. ఒకసారి ఇసుకరాతిలో బావి తవ్వే పనిని తండ్రి అతనికి అప్పగించాడు. ఉలి, సుత్తి తప్ప వేరే సాధనం లేదు. నెలల తరబడి ఒంటరిగా రాతిని తొలుస్తూ దాదాపు ఎనభై అడుగుల లోతుకు వెళ్లాక, అడుగున చేరిన విషవాయువుకు స్పృహ తప్పి, చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డాడు. కొద్దిరోజుల్లోనే మళ్లీ అదే బావిలోకి దిగి పని పూర్తిచేశాడు. కష్టానికి వెరవని శరీరం, ఆపదలో చలించని మనస్సు అతనికి ఆ పొలంలోనే అలవడ్డాయి.

పగలు తీరిక లేనందున అతడు వేకువకు ముందే లేచి చదువుకొనేవాడు. కొయ్యముక్కలతో గడియారాలు చేశాడు. నిర్ణీత సమయానికి తనంతట తానే వంగి, పడుకొన్నవానిని నేలపై నిలబెట్టే మంచాన్ని కూడ తయారు చేశాడు. 1860లో మాడిసన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో వాటిని చూసినవారు ఆశ్చర్యపోయారు. ఆ తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం అభ్యసించాడు. పట్టా పుచ్చుకోకుండానే 1863లో చదువు విడిచి ప్రకృతిని తన విద్యాలయంగా చేసుకొన్నాడు.

1867లో ఇండియానాపోలిస్‌లో ఒక కర్మాగారంలో పనిచేస్తుండగా చేతిలోని ఆకురాయి జారి ఆయన కుడికంటిలో గుచ్చుకొంది. కొన్నాళ్లకు రెండవ కంటిచూపు కూడ మందగించింది. వారాల తరబడి చీకటిగదిలో పడుకొని, ఇక జీవితంలో పూలను, చెట్లను చూడలేనేమోనని ఆయన కుమిలిపోయాడు. అదృష్టవశాత్తు చూపు తిరిగివచ్చింది. తిరిగివచ్చిన ఆ చూపును యంత్రాల మధ్య వృథా చేయరాదని నిశ్చయించుకొన్నాడు. అదే ఏడాది కెంటకీ నుండి ఫ్లోరిడా తీరం వరకు దాదాపు వెయ్యి మైళ్లు కాలినడకన సాగాడు. 1868లో కాలిఫోర్నియా చేరి, అక్కడి సియెరా నెవాడా పర్వతశ్రేణిని, యోసెమిటీ లోయను తొలిసారిగా దర్శించాడు.

కొండల్లో ఉండాలంటే కూడు కావాలి. అందుకని 1869 వేసవిలో రెండువేలకు పైగా ఉన్న ఒక గొర్రెల మందకు తోడుగా పర్వతాల మీదికి వెళ్లే పనికి ఒప్పుకొన్నాడు. ఆ ప్రయాణంలో ఆయనకు దొరికిన నేస్తం కార్లో. అది సెయింట్ బెర్నార్డ్ జాతికి చెందిన కుక్క. మైదానపు ఎండలకు అది తాళలేదని తలచి, దాని యజమానియైన ఒక వేటగాడు చల్లని కొండల్లో వేసవి గడుపుతుందని దానిని మ్యూర్ వెంట పంపాడు. కార్లో ఆయన వెంట పైన్ వనాలలో, పచ్చికబయళ్లలో తిరిగింది. ఒకనాడు అడవిలో అది మెల్లగా అడుగులు వేస్తూ, ముక్కు ఎగరేస్తూ ఏదో జంతువు దగ్గరలో ఉన్నదని సూచించింది. మ్యూర్ చెట్టుచాటు నుండి తొంగిచూడగా కొద్దిదూరంలో ఎలుగుబంటి కనిపించింది. అది పరుగెత్తే తీరు చూడాలన్న కుతూహలంతో ఆయన కేకలు వేస్తూ దానివైపు ఉరికాడు. ఎలుగు పరుగెత్తలేదు సరికదా, నిలబడి ఆయనవైపే తీక్షణంగా చూడసాగింది. అప్పుడు తాను చేసినది తెలివితక్కువ పని అని ఆయనకు బోధపడింది. కొంతసేపటికి ఎలుగు తనంతట తానే తిరిగి వెళ్లిపోయింది. అడవిలో మనిషికంటె జంతువుకే మర్యాద ఎక్కువ తెలుసునని ఆనాడు ఆయన గ్రహించి ఉంటాడు. గొర్రెల మంద మేసి వెళ్లినచోట పూలమొక్క మిగలకపోవడం కూడ ఆ వేసవిలోనే ఆయన కంటబడింది. అడవిని కాపాడాలన్న తలంపునకు అది బీజం.

తరువాతి సంవత్సరాలలో మ్యూర్ యోసెమిటీలోనే నివసించి దాని పుట్టుకను పరిశీలించాడు. నేల కుంగిపోవడం వలన ఆ లోయ ఏర్పడిందని ఆనాటి ప్రముఖ భూగర్భశాస్త్రజ్ఞుడు జొసయా విట్నీ అభిప్రాయం. పూర్వం అక్కడ కదలిన హిమానీనదాలే కొండలను ఒరసి లోయను తీర్చిదిద్దాయని మ్యూర్ వాదించాడు. చదువులేని గొర్రెలకాపరి మాట అని కొందరు తేలికగా తీసుకొన్నారు. కాని ఆయన శిఖరం తరువాత శిఖరం ఎక్కి, రాళ్లపై మంచు గీసిన గీతలను చూసి, కొన్ని సజీవ హిమానీనదాలను కూడ కనుగొన్నాడు. ఆ లోయ రూపకల్పనలో హిమానీనదాలకు ప్రధానపాత్ర ఉన్నదని తదనంతర పరిశోధనలు ధ్రువపరిచాయి.

హిమానీనదాల మీది మక్కువే ఆయనను అలాస్కాకు నడిపించింది. 1880లో రెండవసారి అక్కడికి వెళ్లినప్పుడు ఆయన మిత్రుడు, మతప్రచారకుడు అయిన హాల్ యంగ్ తన కుక్కను కూడ పడవలోకి తెచ్చాడు. దాని పేరు స్టికీన్. పొట్టికాళ్లు, నల్లని పొడవాటి బొచ్చు గల చిన్న కుక్క అది. ఇంత చిన్న ప్రాణి వానకు, మంచుకు తాళలేదని, దానిని వెంట తేవద్దని మ్యూర్ వారించాడు. యంగ్ వినలేదు. ఆ కుక్క ఎవరికీ లొంగేది కాదు, ఎవరినీ ముద్దుచేయనిచ్చేది కాదు. పడవ బయలుదేరే వేళ పిలిస్తే రాదు. పడవ కదిలాక నీళ్లలో ఈదుకొంటూ వచ్చి ఎక్కేది. అది ఎందుకు పనికివస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. అయితే మ్యూర్ నడకకు బయలుదేరితే మాత్రం నీడవలె వెంబడించేది. ఒకసారి గరుకైన మంచుపై నడిచి దాని పాదాలు నెత్తురోడగా, ఆయన తన చేతిరుమాలు చించి దాని కాళ్లకు తొడుగులు కట్టాడు.

ఒకరోజు తెల్లవారుజామున గాలివాన భీకరంగా ఉంది. తుఫానులో హిమానీనదం ఎట్లుండునో చూడాలని మ్యూర్ రొట్టెముక్క జేబులో వేసుకొని, మంచుగొడ్డలి చేతబట్టి ఒంటరిగా గుడారం దాటాడు. కొంతదూరం వెళ్లి వెనుదిరిగి చూస్తే స్టికీన్ వస్తున్నది. వెళ్లిపొమ్మని గదమాయించినా అది కదలలేదు. చేసేది లేక దానికి కొంత రొట్టె పెట్టి వెంట రానిచ్చాడు. ఇద్దరూ ఏడు మైళ్ల వెడల్పు గల ఆ హిమానీనదాన్ని దాటి ఆవలి ఒడ్డు చేరారు. తిరుగుప్రయాణానికి సాయంత్రమైంది. మంచు కురవడం మొదలైంది. దారి కనిపించదు. ఎటు చూసినా మంచుగడ్డ చీలి ఏర్పడిన అగాధమైన నెర్రెలు. ఆయన ఒక్కొక్కదానినే దూకుతూ వచ్చాడు. స్టికీన్ కూడ జంకక, ఆలోచించక వాటిని దూకుతూ వచ్చింది.

చివరకు దాదాపు ఎనిమిది అడుగుల నెర్రె ఒకటి ఎదురైంది. ఎత్తైన అంచు నుండి పల్లమైన అంచుకు దూకారు. కనుక మళ్లీ వెనుకకు దూకడం సాధ్యం కాదు. కొద్దిదూరం పోయాక తెలిసింది, తాము నిలిచింది మంచుదీవి అని. ముందున్న నెర్రె వెడల్పు యాభై అడుగులు. దానిపై ఏటవాలుగా సుమారు డెబ్బై అడుగుల పొడవున ఒక సన్నని మంచువంతెన. అది కత్తివాదరవలె ఉంది. దాని రెండు కొనలు అంచులకు ఎనిమిది పది అడుగుల దిగువన అతుక్కొని ఉన్నాయి. నడుమ భాగం ఇంకా కిందికి కుంగి ఉంది. అడుగున అంతులేని చీకటి.

మ్యూర్ గొడ్డలితో మెట్లు చెక్కుకొంటూ కిందికి దిగాడు. వంతెనపై గుర్రంమీద వలె కూర్చొని, దాని అంచును నాలుగంగుళాల వెడల్పున చదును చేస్తూ అంగుళం అంగుళం జరిగాడు. ఆవలిగోడకు మళ్లీ మెట్లు చెక్కుకొని పైకెక్కాడు. ఇవతల స్టికీన్ మిగిలిపోయింది. అంతవరకు దేనికీ జంకని ఆ ప్రాణి ఆనాడు మొదటిసారి భయంతో ఏడ్చింది. అటూ ఇటూ పరుగులు తీసి వేరేదారి వెదకింది. దారిలేక మళ్లీ వచ్చి దీనంగా అరిచింది. మ్యూర్ బుజ్జగించాడు, ధైర్యం చెప్పాడు. విడిచి వెళ్తున్నట్లు నటించి చాటున దాగాడు కూడ. ఫలితం లేకపోయింది. పొద్దు వాలిపోతున్నది. ఇక ఆలస్యం చేస్తే ఇద్దరికీ చావే. మళ్లీ అంచుకు వచ్చి గట్టిగా పిలిచాడు. అప్పుడు స్టికీన్ ఏడుపు మానింది. నాలుగు పాదాలు ఒక్కచోట చేర్చి మెట్టు మెట్టుగా జారుతూ వంతెనపైకి దిగింది. గాలికి తట్టుకొంటూ మెల్లగా అడుగులో అడుగు వేసి ఆవలిగోడ మొదట చేరింది. నిటారైన గోడను కుక్కలు ఎక్కలేవు. ఎట్లు సహాయం చేయాలా అని ఆయన ఆలోచించేలోగా, అది పైనున్న మెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నట్లు చూసి, ఒక్క ఉదుటున ఎగబాకి ఆయన తలమీదుగా పైకి దూకింది.

తరువాత దాని ఆనందానికి హద్దు లేదు. గుండ్రంగా పరుగెత్తింది, పొర్లింది, అరిచింది, ఆయనను పడదోసినంత పనిచేసింది. రాత్రి పది గంటల వేళ ఇద్దరూ అలసి సొలసి గుడారం చేరారు. ఆనాటి నుండి ముభావంగా ఉండే స్టికీన్ మారిపోయింది. ఎప్పుడూ ఆయన దగ్గరే కూర్చొని, ఆయన చేతిపై తల ఆనించి ముఖంలోకి చూసేది. మనిషి వలెనే మూగజీవి కూడ చావుకు భయపడుతుందని, బ్రతుకుకు సంతోషిస్తుందని, ధైర్యం తెచ్చుకొంటుందని మ్యూర్ తెలుసుకొన్నాడు. ఆ కథను ఏళ్ల తరబడి మిత్రులకు చెప్పి, పత్రికలో ప్రకటించి, 1909లో స్టికీన్ పేరుతోనే చిన్న పుస్తకంగా వెలువరించాడు.

ఈ అనుభవాలన్నీ ఆయనను అడవుల పక్షాన నిలబెట్టాయి. ఆయన రచనల ప్రభావం వలన కూడ 1890లో యోసెమిటీ జాతీయోద్యానం ఏర్పడింది. 1892లో సియెరా క్లబ్ అనే సంస్థకు ఆయన తొలి అధ్యక్షుడయ్యాడు. 1903లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయనతో మూడు రాత్రులు యోసెమిటీ అడవిలో ఆరుబయట గడిపాడు. అదే ఏడాది ప్రారంభించిన ప్రపంచయాత్రలో మ్యూర్ భారతదేశానికి వచ్చి హిమాలయాలను, అక్కడి దేవదారు వృక్షాలను కూడ దర్శించాడు.

ఆయన పోరాటాలన్నీ ఫలించలేదు. హెచ్ హెచీ అనే అందమైన లోయలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర నీటి అవసరాలకు ఆనకట్ట కట్టరాదని ఏళ్ల తరబడి పోరాడి, 1913లో ఓడిపోయాడు. మరుసటి సంవత్సరం డిసెంబరు 24న లాస్ ఏంజెలెస్‌లో న్యుమోనియాతో కన్నుమూశాడు. ఆయన వ్యక్తిత్వంలో లోపాలు లేకపోలేదు. ఆ అడవులలో తరతరాలుగా నివసించిన ఆదివాసులను గురించి తొలినాళ్లలో ఆయన రాసిన చులకన మాటలు తప్పని, ఆయన స్థాపించిన సంస్థయే 2020లో బహిరంగంగా అంగీకరించింది. మూగజీవి మనస్సును ఎరిగిన మహనీయుడు సాటి మనిషిని ఎరగడంలో ఒక్కొక్కప్పుడు తడబడినాడు. గొప్పవారి జీవితాలను చదివేటప్పుడు ఇది కూడ మరువరాదు.

నేడు యోసెమిటీ అడవిదారులలోకి పెంపుడు కుక్కలను అనుమతించరు. అక్కడి వన్యప్రాణులకు బెదురు కలగకూడదని ఆ నియమం. మ్యూర్, కార్లో కలిసి తిరిగిన దారులు ఇప్పుడు లేళ్లకు, ఎలుగులకు విడిచిన దారులు. కుక్కను వెంటబెట్టుకొని కొండదారిన నడిచేవారు నేటికీ ఎందరో ఉన్నారు. వారు ఎరుగవలసిన విషయాలు రెండు. నమ్మి వెంట వచ్చిన ప్రాణి బాధ్యత నడిపించేవానిదే. ఆ అడవిలో ముందునుండి ఉన్న ప్రాణుల హక్కు మనకంటె పాతది. మంచువంతెన ఆవలి అంచున నిలిచి, తన ప్రాణాలతో పాటు ఒక చిన్న కుక్క ప్రాణం కోసం చీకటిలో వేచిన జాన్ మ్యూర్ జీవితం మనకు నేర్పేది ఇదే.