ఓటమి నేర్పిన నిబ్బరం: మేజర్ ధ్యాన్‌చంద్

నేడు జాతీయ జట్ల వెంట మానసిక శిక్షకులు కూడా ప్రయాణిస్తున్నారు. అటువంటి సదుపాయమేదీ లేని కాలంలో మనోనిబ్బరాన్ని స్వయంగా అలవరచుకున్న క్రీడాకారుడు హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్.

1905 ఆగస్టు 29న అలహాబాదులో జన్మించిన ఆయన, పదహారేళ్ల ప్రాయంలో సిపాయిగా సైన్యంలో చేరారు. పగటి విధులు ముగించుకుని, రాత్రివేళ వెన్నెలలో సాధన చేసేవారని ప్రతీతి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 14 గోల్స్ సాధించి, భారత్ తొలి హాకీ స్వర్ణం గెలవడంలో కీలకపాత్ర వహించారు.

ఆయన స్థైర్యానికి అసలు పరీక్ష 1936లో బెర్లిన్‌లో ఎదురైంది. ఆయన సారథ్యంలోని జట్టు సన్నాహక మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రంతా తమకు నిద్ర పట్టలేదని ఆయన తన ఆత్మకథలో గుర్తుచేసుకున్నారు. అయితే జట్టు కుంగిపోలేదు. లోపాన్ని గుర్తించి, స్వదేశం నుంచి ఫార్వర్డ్ ఆటగాడు దారాను పిలిపించుకుంది. సెమీఫైనల్‌లో ఫ్రాన్స్‌ను 10-0తో ఓడించింది.

వర్షం వల్ల ఒకరోజు వాయిదాపడిన ఫైనల్ ఆగస్టు 15న జరిగింది. ప్రత్యర్థి మళ్లీ జర్మనీయే. మైదానంలోకి వెళ్లేముందు జట్టు అధికారి పంకజ్ గుప్తా త్రివర్ణ పతాకాన్ని బయటకు తీయగా, ఆటగాళ్లందరూ వందనం చేశారు. విరామానికి ఆధిక్యం ఒక్క గోలే. అయినా తొందరపడకుండా ఆడి, 8-1తో విజయం సాధించారు.

ధ్యాన్‌చంద్ 1979 డిసెంబరు 3న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన జయంతిని దేశం జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకుంటోంది. ఓటమిని దాచుకోక, దాని నుంచే సన్నద్ధం కావడం నేటి క్రీడాకారులకు ఆయన మిగిల్చిన పాఠం.