వేగానికి చోటు చూపించిన కరివర్ధన్



ఆదివారం తెల్లవారుజామున మహేశ్వరం నుంచి శ్రీశైలం హైవే మీదికి వచ్చినప్పుడు ఆ శబ్దం మీరు వినే ఉంటారు. వెనక నుంచి రయ్యిమంటూ వచ్చిన బైకు మన కారును దాటి కళ్ళు మూసి తెరిచేలోగా మాయమవుతుంది. నడిపేవాడి ముఖం కనిపిస్తే మాత్రం గుండె జల్లుమంటుంది. వాడికి మన పిల్లల వయసే ఉంటుంది.

పెద్దయ్యాక ఏమవుతారని క్లాసులో అడిగితే ఈమధ్య ఒకరిద్దరైనా రేసర్ అవుతామంటున్నారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగాక ఈ మాట ఇంకా ఎక్కువైంది. ఇంట్లో ఆ మాట వినగానే మనలో చాలామంది నోరు మూయిస్తాం, లేదా నవ్వి ఊరుకుంటాం. ఈ రెండూ కాకుండా మూడో పని చేసిన ఒక పెద్దమనిషి గురించి ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు సుందరం కరివర్ధన్. మోటార్ రేసింగ్ లోకంలో అందరూ కరి అని పిలిచేవారు.

కరివర్ధన్ 1954లో కోయంబత్తూరులో పుట్టారు. ఊరు తమిళనాడులో ఉన్నా, అక్కడి నాయుడు కుటుంబాల్లో తరతరాలుగా ఇంటి భాష తెలుగే. 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడు కుటుంబంలోని వారాయన. బట్టల మిల్లులు, పంపుసెట్లు, మోటార్లు, లేత్ మిషన్ల మధ్య పెరిగిన ఊరది. బస్సులు నడుపుతూ ఎన్నో యంత్రాలు తయారుచేసిన జి.డి. నాయుడిది కూడా ఆ ఊరే. ఒక వస్తువు కావాలంటే విదేశాల నుంచి తెప్పించడం కన్నా మనమే ఎందుకు చేసుకోకూడదు అనే ఆలోచన అక్కడి గాలిలోనే ఉండేది.

డబ్బున్న కుటుంబం, కార్లంటే ప్రాణం. కావాలంటే ఆయన కూడా ఊరి రోడ్ల మీదే తన సరదా తీర్చుకుని ఉండవచ్చు. కానీ పోటీ కోసం షోలవరం వెళ్ళారు. మద్రాసుకు దగ్గరలో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టి వదిలేసిన ఎయిర్‌స్ట్రిప్ అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏటా రేసులు జరిపేది, జనం వేలల్లో వచ్చేవారు. అక్కడ పేరు తెచ్చుకున్న డ్రైవర్లలో కరివర్ధన్ ఒకరు.

ఇక్కడ చిన్న వివరం చెప్పాలి. కార్లతో జరిగే పోటీల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ర్యాలీలో మామూలు రోడ్డునే కొన్ని గంటలు మూసివేసి, కార్లను ఒకదాని తరవాత ఒకటిగా వదులుతారు. డ్రైవర్ పక్కన ఇంకొకరు కూర్చుని రాబోయే మలుపు ఎలాంటిదో ముందే చదివి చెబుతూ ఉంటారు. సర్క్యూట్ రేసులో అందరూ ఒకేసారి బయలుదేరి ఒకే ట్రాక్ చుట్టూ తిరుగుతారు. ఈ రెండింటిలోనూ ఒక నియమం మారదు. ఎదురుగా పాలవాడి సైకిల్ రాదు, ఆటో రాదు, రోడ్డు దాటే ముసలమ్మ ఉండదు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. హెల్మెట్, సీటు బెల్టు, మంటలు తట్టుకునే దుస్తులు లేనిదే కారు కదలనివ్వరు.

ఆ రోజుల్లో రేసు కారు కావాలంటే విదేశాల నుంచి దిగుమతి చేసుకోవాలి. దాని మీద పన్నులు మోయలేనంత. అందుకే చాలామంది ఫియట్ లాంటి ఇంటి కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజిన్ మార్చి నడిపేవారు. మామూలు కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడికి అసలైన సింగిల్ సీటర్ రేసు కారు అందని పండే. కరివర్ధన్ ఈ సమస్య మీద పనిచేశారు.

అప్పటికే మారుతి 800 ఊరూరా తిరుగుతోంది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా బాగుచేయగలడు. ఆ ఇంజిన్‌ను డ్రైవర్ వెనక అమర్చి, ఒక్కరే కూర్చునే చిన్న రేసు కారును 1980ల చివరిలో కోయంబత్తూరులో తయారుచేశారు. దానికి ఫార్ములా మారుతి అని పేరొచ్చింది. అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజిన్. కాబట్టి ఎవరి తండ్రి దగ్గర ఎంత డబ్బుంది అనే తేడా తగ్గి, ఎవరు బాగా నడుపుతారు అనేదే లెక్కలోకి వచ్చింది.

దాని ఫలితం ఏమిటో చూడండి. కోయంబత్తూరులోనే ర్యాలీ చాంపియన్‌గా పేరున్న జి.ఆర్. కార్తికేయన్ కొడుకు నారాయణ్, శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద మొదటిసారి పోటీ చేసింది ఈ ఫార్ములా మారుతి కారులోనే. మొదటి రేసులోనే పోడియం ఎక్కాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు, అంటే ఊళ్ళో కారు నడిపే లైసెన్స్ వయసు కూడా కాదు. 2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో రెండోవాడిగా అక్కడికి చేరిన కరుణ్ చందోక్ కూడా ఫార్ములా మారుతి మెట్టు ఎక్కినవాడే.

అది చూడడానికి కరివర్ధన్ లేరు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయనకు నలభై దాటాయంతే. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ప్రారంభమైన రెండు కిలోమీటర్ల పైచిలుకు రేస్ ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఇవాళ్టికీ ఎందరో పిల్లలు మొదటి రేసు నడిపేది కరి మోటార్ స్పీడ్‌వే మీదే.

వేగం మంచిదని చెప్పడానికి ఈ కథ రాయలేదు. ట్రాక్ మీదా ప్రమాదం ఉంది. కానీ అక్కడ ఆ ప్రమాదాన్ని కొలిచి, తగ్గించి, బాధ్యత తీసుకునే పెద్దవాళ్ళు ఉంటారు. శ్రీశైలం హైవే మీద వాడి పక్కన ఎవరూ ఉండరు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకుందాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లెర్నర్స్ లైసెన్స్ కూడా రాదు. ట్యూషన్‌కు రెండు కిలోమీటర్లే కదా అని స్కూటీ తాళం ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి.

మీ అబ్బాయో అమ్మాయో కార్ల పిచ్చిలో ఉంటే తిట్టకండి. తాళం మాత్రం ఇవ్వకండి. ఒక ఆదివారం గో కార్టింగ్ ట్రాక్‌కు తీసుకెళ్ళండి, హెల్మెట్ బకిల్ మీరే పెట్టండి. లేదా తెలిసిన మెకానిక్ షెడ్డులో ఒక పూట కూర్చోబెట్టి, ఇంజిన్ విప్పి బిగించేది చూపించండి. ఇంటికొచ్చాక ఏం చూశారో వాళ్ళనే చెప్పమనండి, మీరు వినండి.